ఉప్పునీటి సాక్ష్యం

1958 అక్టోబరు 30న క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో మేసన్ సోన్స్ ఒక రోగి బృహద్ధమనిలోకి ఎక్స్‌రేలో కనబడే డై ఎక్కించబోగా, క్యాథెటర్ కొన జారి కుడి హృదయధమనిలోకి దిగింది, డై అందులోకే వెళ్లింది. గుండె కొద్ది క్షణాలు ఆగి తిరిగి కొట్టుకుంది. గుండె రక్తనాళాలను విడివిడిగా ఫిల్ము మీద చూడవచ్చని అలా తెలిసింది. 1977లో జ్యూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ బెలూన్‌తో పూడిక తెరిచాక చికిత్సకూ అదే డై తప్పనిసరైంది. అదంతా ఒంట్లోంచి పోవలసింది దాదాపు కిడ్నీల గుండానే.

అప్పటికే కిడ్నీలు దెబ్బతిన్నవారికి, అందులోనూ షుగరు ఉన్నవారికి, ముప్పు ఇక్కడే. కిడ్నీ లోపలి పొరకు మామూలు రోజుల్లోనే ఆక్సిజన్ అంతంతమాత్రం. డై అక్కడి రక్తనాళాలను ముడిచేస్తుంది, సూక్ష్మనాళికల కణాలనూ గాయపరుస్తుంది. ఒంట్లో నీరు తగ్గి ఉంటే దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేస్తే డై తొందరగా కొట్టుకుపోతుందన్న ఆశ ఇందులోంచే పుట్టింది.

1994లో రిచర్డ్ సాలమన్ బృందం ఆ ఆశను పరీక్షకు పెట్టింది. కిడ్నీలు బలహీనపడిన 78 మందికి గుండె యాంజియోగ్రామ్‌కు ముందు 12 గంటలు, తర్వాత 12 గంటలు సగం గాఢత సెలైన్ ఎక్కించారు. కొందరికి సెలైన్ ఒక్కటే, కొందరికి దానితో పాటు మూత్రం పెంచే మందు మానిటాల్, మిగతావారికి అలాంటిదే ఫ్యూరోసెమైడ్. కిడ్నీ దెబ్బకు గుర్తయిన క్రియాటినిన్ పెరిగింది సెలైన్ ఒక్కటే ఎక్కించినవారిలో 11 శాతానికి, మానిటాల్ తీసుకున్నవారిలో 28 శాతానికి, ఫ్యూరోసెమైడ్ తీసుకున్నవారిలో 40 శాతానికి. కిడ్నీని కాపాడాలని ఇచ్చిన మందులు ఉప్పునీటి కంటే హీనంగా తేలాయి. చిన్న అధ్యయనమే, కానీ ఈ చరిత్రలో ఇంతకంటే విలువైన మలుపు నాకు కనబడదు.

అయినా మందు కోసం వెతుకులాట ఆగలేదు. 2000లో మార్టిన్ టెపెల్ బృందం 83 మంది సీటీ స్కాన్ రోగుల్లో ఎసిటైల్‌సిస్టీన్ మేలు చేసిందని చెప్పింది. కఫం పలచబరిచే పాత మందు, చవక, పెద్దగా హాని లేదు. గుండె విభాగాలూ అందుకున్నాయి. 2004లో సోడియం బైకార్బొనేట్ వంతు వచ్చింది. 2011లో బ్రెజిల్‌లో 2,308 మందిని పరీక్షిస్తే, ఎసిటైల్‌సిస్టీన్ వేసుకున్నవారిలోనూ, వేసుకోనివారిలోనూ కిడ్నీ దెబ్బ 12.7 శాతమే. 2018లో సుమారు 5,000 మందితో జరిగిన ప్రిజర్వ్ అధ్యయనం రెండు మందులకూ ప్రయోజనం లేదని తేల్చింది.

మిగిలినవి సెలైన్, వీలైనంత తక్కువ డై. సెలైన్ ఎంత అన్నది కూడా చిక్కే, బలహీనమైన గుండె ఎక్కువ నీరు తట్టుకోదు. 2014లో పొసైడన్ అధ్యయనం గుండె ఎడమ కింది గదిలోని ఒత్తిడిని కొలిచి, అది తక్కువగా ఉన్నవారికి సెలైన్ వేగం పెంచింది. కిడ్నీ దెబ్బ 16.3 శాతం నుంచి 6.7కు దిగింది.