శనివారం మూతపడిన రేవు

బైబిలు చదివే తెలుగువాళ్ళకు ఈ ఊరి పేరు కొత్త కాదు. పౌలు థెస్సలొనీకయులకు రాసిన పత్రికలు రెండు కొత్త నిబంధనలో ఉన్నాయి. అవి చేరిన ఊరే నేటి థెస్సలోనికి, గ్రీసులో ఏథెన్స్ తర్వాత పెద్ద నగరం. క్రీ.శ. 50 ప్రాంతంలో పౌలు ఇక్కడి యూదుల సమాజమందిరంలో మూడు విశ్రాంతిదినాలు తర్కించాడని అపొస్తలుల కార్యముల కథనం. విశ్రాంతిదినమంటే శనివారం. ఈ ఊళ్ళో నడవాలనుకునేవాడికి రాజుల వరసకన్నా ఆ శనివారమే మంచి దారి చూపిస్తుందని నా నమ్మకం.

రేవు దగ్గర మొదలుపెడదాం. మొదటి జెట్టీ మీది పాత గోదాముల్లో ఇప్పుడు సినిమా మ్యూజియం, ఫోటోగ్రఫీ మ్యూజియం ఉన్నాయి. నూరేళ్ళకు పైగా కిందట ఇక్కడ ఓడల సరుకు దింపినవాళ్ళలో యూదులే ఎక్కువ. మూటలు మోసేవాణ్ణి అక్కడ హమాల్ అనేవారు. మన మార్కెట్ యార్డుల్లో వినబడే హమాలీ కూడా ఆ మాటే, అరబ్బీ నుంచి అటొకటి ఇటొకటి చేరింది. శుక్రవారం పొద్దు గుంకితే ఆ హమాలీలు పని ఆపేసేవారు. పాలకులైన తురుష్కులు మసీదుకు వెళ్ళేది శుక్రవారం, గ్రీకులు చర్చికి వెళ్ళేది ఆదివారం. రేవు మూతపడేది మాత్రం శనివారం. ఓడ ఎవరిదైనా కాచుకోవలసిందే.

ఇదెలా వచ్చిందో తెలియాలంటే కొంత వెనక్కి పోవాలి. క్రీ.పూ. 315 ప్రాంతంలో మాసిడోనియాను ఏలిన కసాండర్ చుట్టుపక్కల చిన్న ఊళ్ళను కలిపి ఈ పట్నం కట్టి భార్య పేరు పెట్టాడు. ఆమె అలెగ్జాండరుకు సవతి చెల్లెలు. రోమన్లు వచ్చాక ఏడ్రియాటిక్ తీరం నుంచి బైజాంటియం దాకా వేసిన ఎగ్నాతియా మార్గం ఈ ఊరి మీదుగానే సాగింది. బైజాంటిన్ కాలంలో కాన్‌స్టాంటినోపుల్ తర్వాతి స్థానం దీనిదే. 1430లో సుల్తాన్ రెండో మురాద్ దీన్ని గెలిచేనాటికి ఊరు బాగా పలచబడింది. ఆ ఖాళీ నిండింది స్పెయిన్ పుణ్యాన. 1492లో అక్కడి రాజదంపతులు యూదులను వెళ్ళగొడితే సుల్తాన్ రెండో బయజీద్ వాళ్ళను రానిచ్చాడు. వేల కుటుంబాలు ఇక్కడ దిగాయి. వెంట తెచ్చుకున్న స్పానిష్‌ను నాలుగు వందల యాభై ఏళ్ళు ఇంట్లోనూ బజార్లోనూ మాట్లాడారు. దాని పేరు లదీనో. 1913 లెక్కల ప్రకారం జనాభా దాదాపు 1,58,000. అందులో యూదులు 61,000 పైన, ముస్లిములు 46,000, గ్రీకులు 40,000. ఊరు గ్రీసు చేతికొచ్చింది అంతకు ముందటేడే.

రేవు దాటి తూర్పుకు తిరిగితే లదాదికా పేట వస్తుంది. లాది అంటే నూనె, ఒకప్పుడు అంతా నూనె కొట్లే. ఇప్పుడవి భోజనశాలలు. 1917 ఆగస్టు మంటలు దీన్ని వదిలేశాయి కాబట్టి పాత ఊరి సందులు ఎంత ఇరుగ్గా ఉండేవో ఇక్కడే చూడగలం. ఆ మంట ఓ శరణార్థి ఇంటి వంటగదిలో పుట్టింది. గాలి తోడై ఒకటిన్నర రోజుల్లో ఊరి నడిబొడ్డును మింగేసింది. 70,000 మందికి పైగా నిలువనీడ పోయింది, వాళ్ళలో 50,000 మంది యూదులు. ప్రభుత్వం ఎవరి స్థలంలో వాళ్ళను కట్టుకోనివ్వలేదు. భూమినంతా కలిపేసి, ఫ్రెంచి వాస్తుశిల్పి ఎర్నెస్ట్ హెబ్రార్ చేత కొత్త ప్లాను గీయించి, ప్లాట్లు వేలం వేసింది. సముద్రానికి ఎదురుగా విప్పారిన అరిస్టోటిల్ చౌకు ఆ ప్లానులోదే. అందంగా ఉంటుంది, కాదనను. కానీ వేలంలో పాడలేని పేదలు ఊరి అంచులకు పోయారని తెలిశాక ఆ కమానుల కింద కాఫీ కొంచెం చేదెక్కుతుంది.

1923లో గ్రీసు, టర్కీల మధ్య కుదిరిన జనాభా మార్పిడి ఒప్పందంతో ముస్లిములు టర్కీకి వెళ్ళిపోయారు. అక్కడి గ్రీకులు శరణార్థులై లక్షకు దగ్గరగా వచ్చి చేరారు. మరుసటి ఏడు ఆదివారం సెలవు తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. శనివారం పాటించే కూలికి ఇక వారానికి రెండు రోజుల కూలి పోయినట్టే. 1930లలో కొందరు హమాలీలు హైఫా రేవుకు వలసపోయారు.

రేవుకు కూతవేటు దూరంలో ఎలెఫ్థెరియాస్ చౌకు ఉంది. పేరుకు అర్థం స్వేచ్ఛ. 1942 జులై 11న, ఊరిని ఆక్రమించిన జర్మన్లు 9,000 మంది యూదు మగవాళ్ళను ఇక్కడ మండుటెండలో నిలబెట్టి, బలవంతంగా కసరత్తులు చేయించి అవమానించారు. ఆ రోజు శనివారం. మరుసటి ఏడు మార్చి 15న యూదులను ఎక్కించిన మొదటి రైలు ఆష్‌విట్జ్ మృత్యుశిబిరానికి కదిలింది. ఆగస్టుకల్లా 45,000 మందికి పైగా జనాన్ని తరలించారు. తిరిగొచ్చినవాళ్ళు రెండు వేలకు లోపే. ఆ చౌకు చాలా ఏళ్ళు కార్లు నిలిపే స్థలంగా వాడుకలో ఉంది.

పైకి నడిచి ఎగ్నాతియా వీధిలోకి వస్తే చేతిలో కులూరి ఉండాలి. పెద్ద చేగోడీలా గుండ్రంగా, ఒళ్ళంతా నువ్వులద్దుకున్న రొట్టె అది. కొరికితే సగం నువ్వులు చొక్కా మీద రాలతాయి. 2024 నవంబరు 30న మెట్రో మొదలైంది. వెనిజెలూ స్టేషన్‌లో దిగేవాళ్ళకు తవ్వకాల్లో బయటపడ్డ చలువరాతి బాట కనిపిస్తుంది. రాళ్ళు తీసి మళ్ళీ పెట్టాలా, ఉన్నచోటే ఉంచాలా అన్న తగవు ఏళ్ళ తరబడి నడిచింది. తీసే పెట్టారు. అదే వీధిలో తూర్పున గలేరియస్ చక్రవర్తి పర్షియా విజయ తోరణం, దానికి ఎగువన రొతుందా అనే గుండ్రని కట్టడం. రొతుందా గోడల మందం ఆరు మీటర్లకు పైమాటే. చర్చి అయింది, మసీదయింది, మ్యూజియం అయింది. పక్కన మినార్ ఇంకా నిలిచే ఉంది.

ఇంకాస్త తూర్పుకు వెళ్తే అరిస్టోటిల్ విశ్వవిద్యాలయం. పిల్లలు గడ్డి మీద పుస్తకాలు పరుచుకుని కూర్చుంటారు. ఆ నేల యూదుల శ్మశానం. మూడు లక్షలకు తక్కువ కాని సమాధులను 1942 డిసెంబరులో తవ్విపోశారు. స్మారకం పెట్టింది 2014లో. తీసిన రాళ్ళు ఊరంతా పంచుకుంది, చర్చిల మరమ్మతులతో సహా. ఇప్పటికీ పాత గోడేదైనా పడగొడితే హీబ్రూ అక్షరాల చలువరాయి బయటపడుతుంటుంది.