తుఫాను చీరాలలో, ఉప్పెన దివిసీమలో

1977 నవంబరు 19న తుఫాను తీరం దాటింది చీరాల దగ్గర. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయింది మాత్రం అక్కడికి 60 కిలోమీటర్లకు పైగా దూరాన, కృష్ణ సముద్రంలో కలిసే దివిసీమలో. చనిపోయినవాళ్లు అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10,000 మంది. చీరాల పేరు వాతావరణ శాఖ రికార్డుల్లో మిగిలింది. జనం నోట మిగిలింది దివిసీమ ఉప్పెన.

తుఫాను ఎక్కడ కొడుతుందన్న ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. కేంద్రం ఎక్కడ నేలకెక్కుతుందన్నది ఒకటి, సముద్రం ఎక్కడ పొంగుతుందన్నది రెండోది. భూమధ్యరేఖకు ఉత్తరాన తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుగా తిరుగుతాయి. అందుకని తుఫాను వచ్చే దారికి కుడి పక్కన గాలి నీటిని ఒడ్డు మీదికి తోస్తుంది, ఎడమ పక్కన నేల మీంచి సముద్రంలోకి వీస్తుంది. 1977 తుఫాను మొదట పడమరగా నడిచి, తర్వాత ఉత్తరానికి మళ్లింది. దాని కుడిచేతి వైపు పడింది దివిసీమ. పైగా అక్కడ సముద్రం లోతు తక్కువ. నీళ్లు సుమారు 5 మీటర్ల ఎత్తున లేచి సొర్లగొంది లాంటి పల్లెల మీద పడ్డాయి. ఆ సంగతి బయటి ప్రపంచానికి పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది.

ఈ కుడి ఎడమల లెక్క ఓడల వాళ్లకు కొత్తది కాదు. కలకత్తాలో స్థిరపడిన మాజీ నావికుడు హెన్రీ పిడింగ్టన్ 1848లో నావికుల కోసం ఒక పుస్తకం వేశాడు. గాలి దిక్కులు గీసిన పారదర్శకమైన కొమ్ము పలకలను దానికి జతచేశాడు. పలకను సముద్ర పటం మీద పెట్టి, తన ఓడ దగ్గర వీస్తున్న గాలితో సరిచూసుకుంటే తుఫాను కేంద్రం ఎటుందో కెప్టెన్‌కు తెలిసిపోయేది. కాకినాడ పక్కనున్న కోరంగిని 1789లో మూడు పెద్ద అలలు ముంచెత్తిన వైనాన్ని కూడా ఆయన నమోదు చేశాడు. బెంగాల్‌లోని మాతలా నది మీద కొత్త రేవు కట్టబోతుంటే, ఉప్పెన దాన్ని మింగేస్తుందని 1853లో గవర్నర్ జనరల్‌కు లేఖ రాశాడు. వినలేదు. 1867లో ఉప్పెన ఆ పోర్ట్ క్యానింగ్ మీద పడింది. అప్పటికి పిడింగ్టన్ బతికి లేడు.

అంతకు మూడేళ్ల ముందు, 1864లో, నెల తిరక్కుండా రెండు దెబ్బలు తగిలాయి. అక్టోబరు 5న కలకత్తా, నవంబరు 1న బందరు. బందరు ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. మరుసటి ఏడాది తుఫాను హెచ్చరికలు మొదలైంది కలకత్తా రేవుకు. సరుకున్న చోటే ముందు జాగ్రత్త! భారత వాతావరణ శాఖ పుట్టింది 1875లో.

ఆ తర్వాత ఒక్కో రేవులోనూ స్తంభాలు లేచాయి. పగలు శంకువులూ స్థూపాలూ, రాత్రి ఎర్ర, తెల్ల దీపాలూ వాటికి వేలాడేవి. మనం వార్తల్లో వినే ప్రమాద హెచ్చరికల నంబర్లు ఈ సంకేతాలవే. అంకె పెరిగితే ప్రమాదం పెరిగినట్టేనని చాలామంది అనుకుంటారు, అది సగమే నిజం. 8, 9, 10 మూడూ మహా ప్రమాద సూచికలే. రేవును ఎడమ పక్కన ఉంచుతూ తుఫాను పోతుందంటే 8, కుడి పక్కన ఉంచుతూ పోతుందంటే 9, రేవు మీదుగానో దాని అతి సమీపంలోనో దాటుతుందంటే 10. 11 సంగతి ఇంకా విచిత్రం: హెచ్చరిక కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని దాని అర్థం. ఇంత వివరం ఓడలకు అందింది, రేవు పక్కనున్న పల్లెకు అంకె మాత్రమే చేరింది.

ఓడల్లోకి వైర్‌లెస్ వచ్చాక నడిసముద్రం కబుర్లు తెలియసాగాయి. కానీ హెచ్చరిక అందగానే ఓడ తుఫానుకు దూరంగా తప్పుకుంటుంది. కేంద్రం దగ్గర కొలిచే దిక్కుండదు. ఆ ఖాళీని నింపినవి ఉపగ్రహాలు, రాడార్లు. తుఫానులను కనిపెట్టే రాడార్ విశాఖలో 1970లోనే ఉంది. అయినా ఆంధ్ర తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. దక్షిణం నుంచి వచ్చే తుఫాను కాస్త పక్కకు తిరిగితే చాలు, నెల్లూరు అనుకున్నది బందరవుతుంది.

1990 మే 9న మరో భీకర తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గరే దాటింది. ఈసారి 6 లక్షల మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. మరణాలు వెయ్యి లోపే ఆగాయి. 1996 నవంబరులో కోనసీమలో మళ్లీ వెయ్యి దాటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ నగరాన్నే కొట్టింది. ఎక్కడ దాటుతుందో రోజుల ముందే చెప్పగలిగారు గానీ, దాన్ని చూస్తున్న కైలాసగిరి రాడార్ ఆ గాలికే దెబ్బతింది.

ఇప్పటి బులెటిన్లలో కేంద్రం దాటే చోటు ఒక వాక్యంలో ఉంటే, సముద్రం ఎంత ఎత్తున పొంగవచ్చో, ఏ జిల్లాల పల్లపు ప్రాంతాలు మునగవచ్చో వేరే వాక్యంలో ఉంటుంది. ఉప్పెన అంచనాలు వేసే పనిలో హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ కూడా ఉంది. టీవీ తెర కింద పరుగెత్తే అక్షరాల్లో మాత్రం ఎక్కువగా కనిపించేది మొదటి వాక్యమే.