గోస, అనుక్రోశం

పత్రికల కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లా పేజీల్లో ‘కారుణ్య’ అన్న మాట రెండు చోట్ల తరచూ కనిపిస్తుంది. సింగరేణి బొగ్గు గనుల వార్తల్లో అది కారుణ్య నియామకం. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి వార్తల్లో కారుణ్య మరణం.

బొగ్గుబాయిల్లో ఇదివరకు వారసత్వ ఉద్యోగం అనేవారు. 2017లో హైకోర్టు ఆ పథకాన్ని కొట్టేశాక కారుణ్య నియామకమన్న పేరు నిలబడింది. పనిచేసి పనిచేసి మెడికల్ అన్‌ఫిట్ అయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి కొలువు దొరుకుతుంది. ఇచ్చేది ఎవరో, పుచ్చుకునేది ఎవరో, ఏమిస్తున్నారో అందరికీ తెలుసు.

కారుణ్య మరణంలో ఆ స్పష్టత లేదు. 2004 డిసెంబరులో కండరాల క్షీణతతో చివరి దశకు చేరిన చదరంగ క్రీడాకారుడు కె.వెంకటేష్, అవయవాలు పాడవకముందే దానమిచ్చి కన్నుమూయనివ్వమని కోరారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు తెరిచిన దారి కూడా ఇరుకైనదే: కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాధార చికిత్స ఆపవచ్చు, అంతవరకే. ప్రజావాణిలో కారుణ్య మరణానికి అర్జీ పెట్టేవారిలో అసలు జబ్బే లేనివారు ఉంటారు. భూమి పట్టా కాలేదనో, పరిహారం అందలేదనో, కన్నకొడుకులు బుక్కెడు బువ్వ పెడతలేరనో రాస్తారు. నడుము దెబ్బతిని ఏళ్లుగా మంచంలో ఉన్నవారూ రాస్తారు. చావును మంజూరు చేసే అధికారం కలెక్టరుకు ఏ చట్టమూ ఇవ్వలేదు. అయినా ఆయనకే రాస్తారు. వాళ్లు నిజంగా అడుగుతున్నది సమాసంలోని మొదటి పదాన్ని.

ఆ పదం లోతు చూద్దాం. అమరకోశం కారుణ్యం పక్కనే దయను, కృపను, అనుకంపను, అనుక్రోశాన్ని పేర్చింది. అనుకంప అంటే ఎదుటివాడు వణికితే తోడుగా వణకడం. అనుక్రోశం అంటే తోడుగా ఏడవడం. ఇటు తెలంగాణలో బాధకున్న సొంత పేరు గోస. ఘోష నుంచి వచ్చిన మాట. ‘మా గోస ఎవలింటరు?’ అంటారు. ఇక్కడ బాధ ఒక కేక, వినేవాళ్లను వెతుక్కునే కేక. గోసకు జవాబు అనుక్రోశమే. కేక వేసిన గొంతును శాశ్వతంగా ఆపడం జవాబు ఎట్లవుతుంది?

ఎదుటి వాదన బలమైనదే. నా బతుకు నాది, నా నొప్పిని నేనే కొలుస్తానంటే కాదనగలిగేది ఎవరు? నెదర్లాండ్స్ 2002 నుంచి భరించలేని బాధనే ప్రమాణంగా తీసుకుంది. కెనడా 2021లో మరణం దగ్గరపడని రోగులకూ తలుపు తెరిచింది. అక్కడ దాన్ని గట్టిగా ఎదిరించింది వికలాంగుల సంఘాలే. బతకడానికి కావలసిన సాయం కన్నా చావుకు సాయం సులువుగా దొరికే చోట, మనిషి చావును ఎంచుకున్నాడని చెప్పలేమన్నది వాళ్ల భయం. ఆ భయం మనకు మరీ దగ్గరిది. నొప్పి తగ్గించే వైద్యుడు, నెలనెలా పింఛను, చేతికి పాసుపుస్తకం, పలకరించే మనిషి ఇవేవీ లేనివాడు చావును కోరితే, ఆ కోరిక అతనికి మిగిలినది మాత్రమే.

ఆత్మహత్యకు యత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వైద్యం, పునరావాసం అందించడం ప్రభుత్వ బాధ్యతని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. యత్నించకముందే కాగితం మీద రాసి ఇచ్చినవారికి అంతకన్నా తక్కువ చేయడం న్యాయం కాదు. ఆ అర్జీని సంబంధిత శాఖకు పంపి చేతులు దులుపుకోకూడదు. వైద్యుడు, కౌన్సెలర్, రెవెన్యూ అధికారి కలిసి ఆ ఇంటికి వెళ్లాలి. అర్జీదారు చెప్పేది చివరిదాకా వినాలి.

ఇవన్నీ అందాక కూడా ఒక మనిషి నొప్పి తీరక, నిండు తెలివితో, పదేపదే చావే కోరితే, అసలు నీతిచర్చ అక్కడ మొదలవుతుంది. అందులో మాట్లాడే అర్హత అప్పటిదాకా అతని గోస విన్నవారికే ఉంటుంది.