నిద్రపుచ్చే ఎత్తుకు అడ్డుకట్ట పడిన కథ

పోకెమాన్ ఆటలో ఫిషర్ అనే ఎత్తు ఒకటుంది. నేల చీలుతుంది, ఎదుటి జీవి ఒక్క దెబ్బకే కూలిపోతుంది. దాని బలమెంత, అప్పటిదాకా ఎన్ని దెబ్బలు తిన్నది అనే లెక్కే లేదు. కాకపోతే ఈ దెబ్బ తగిలేది నూటికి 30 సార్లే. గేమ్ ఫ్రీక్ సంస్థ తయారుచేసిన రెడ్, గ్రీన్ ఆటలు 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో విడుదలైన రోజునే ఇది వాటిలో ఉంది. హార్న్ డ్రిల్, గిలటిన్ అనేవీ ఇలాంటివే.

వాటిని ఆటలో పెట్టినవాళ్లను నేను తప్పుపట్టను. ఆ ఆటకు మూలపురుషుడు సతోషి తజిరి. చిన్నప్పుడు పురుగులు పట్టి పోగేసిన సరదాను పట్నం పిల్లలకు మళ్లీ ఇవ్వాలన్నది ఆయన కోరిక. రెండు గేమ్ బాయ్‌లను తీగతో కలిపి జీవులను ఇచ్చిపుచ్చుకోవడం ఆయనకు ముఖ్యం. ఒంటరిగా కథ ఆడుకునే పిల్లవాడికి ఫిషర్ ఒక సంబరం. తగిలితే కేక పెడతాడు, తప్పితే మళ్లీ వేస్తాడు. చిక్కంతా అదే తీగకు అవతల ఇంకో పిల్లవాడు కూర్చున్నప్పుడు మొదలైంది.

అవతలివాడు నెల రోజులు కష్టపడి ఆరు జీవులను పెంచుకొని వచ్చాడు. నీటికి నిప్పు లొంగుతుంది, నిప్పుకు గడ్డి లొంగుతుంది అని జాతుల పట్టిక మొత్తం కంఠస్థం చేశాడు. మొదటి ఆటల్లో ఆ జాతులు 15, ఇప్పుడు 18. ఆ చదువంతా ఒక్క ఫిషర్‌తో గల్లంతవుతుంది. ఓడినందుకు కాదు వాడి బాధ. తాను చేయగలిగింది ఏదీ మిగలకుండా ఓడినందుకు.

మనకు ఇది తెలియని సంగతి కాదు. కోడిపందేల్లోనూ డేగ, కాకి, నెమలి అంటూ రంగుల పట్టిక ఉంది. ఏ రోజు ఏ రంగు దేని మీద గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రమే ఉంది. కాలికి కత్తి కట్టాక మాత్రం ఆ శాస్త్రం, ఏడాది పొడవునా పెట్టిన మేత, పెంపకం అన్నీ ఒక్క వేటు మీద ఆధారపడతాయి. కత్తి లేని డింకీ పందెంలో పుంజు సత్తువ బయటపడినట్టు కత్తి పందెంలో పడదు. అయితే మన చట్టం పందెం వద్దనేది న్యాయం కోసం కాదు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం మూగజీవి నొప్పిని చూసింది, 1974 నాటి గేమింగ్ చట్టం జూదాన్ని చూసింది. రెండూ అవసరమే. పోకెమాన్‌లో రక్తం లేదు, ఏ ప్రాణికీ నొప్పి లేదు. అయినా ఆడేవాళ్లే కూర్చుని కొన్ని ఎత్తులు వద్దనుకున్నారు. అందుకు వాళ్లకున్న కారణం న్యాయం ఒక్కటే. అందుకే ఈ కథ నాకింత ఇష్టం.

మొదట గొడవ పెట్టింది నిద్ర. తొలి ఆటల్లో నిద్రపోయిన జీవి ఒకటి నుంచి ఏడు వంతుల దాకా లేవదు. లేచిన వంతులో కూడా దెబ్బ వేయలేదు, కాబట్టి వేగంగా కదిలేవాడు దాన్ని మళ్లీ నిద్రపుచ్చవచ్చు. పారాసెక్ట్ అనే జీవి వేసే స్పోర్ అయితే దాదాపు తప్పడమే లేదు. ఆరింటినీ ఒక్కొక్కటిగా పడుకోబెడితే అవతలివాడికి మిగిలేది చూస్తూ కూర్చోవడమే. దీనికి తొలి కట్టడిని తయారీదారులే తెచ్చారు. నింటెండో 64 మీద వచ్చిన పోకెమాన్ స్టేడియంలో, నీ ఎత్తు వల్ల ఎదుటివాడి జీవి ఒకటి నిద్రలో ఉండగా రెండోదాన్ని నిద్రపుచ్చడం కుదరదు. గడ్డకట్టించడానికీ అదే షరతు. తొలి ఆటల్లో గడ్డకట్టిన జీవి తనంతట తాను ఎప్పటికీ కరగదు, కనుక అది ఇంకా అవసరమైన షరతు.

ఆ తర్వాత పని ఆటగాళ్లు అందుకున్నారు. 2004లో మొదలైన స్మోగన్ అనే ఆటగాళ్ల సమాజం నియమాలను రాసిపెట్టింది. ఒక్క దెబ్బతో చంపే ఎత్తులు వద్దు. తప్పించుకునే శక్తిని పెంచే డబుల్ టీమ్, మినిమైజ్ వద్దు. డబుల్ టీమ్ సంగతి పైకి అమాయకంగా కనిపిస్తుంది. ఆరుసార్లు వేస్తే, నూటికి నూరు గురి ఉన్న దెబ్బ కూడా మూడింట ఒక్కసారే తగులుతుంది. గురి ఎవరికి కుదురుతుందో పాచికలే చెప్పాలి. నా దృష్టిలో నిషేధించదగ్గ ఎత్తు ఇలాంటిదే. బలమైన ఎత్తుకు విరుగుడు వెతకవచ్చు, తెలివితో దాన్ని ముందే ఊహించవచ్చు. ఎదుటివాడి ఆలోచననే పనికిరానిదిగా చేసే ఎత్తుకు విరుగుడు ఉండదు.

ఈ తేడా స్వాగర్ విషయంలో బాగా తేలింది. ఎదుటి జీవికి దాడి బలం రెండింతలు చేసి, దానికి తికమక పుట్టించే ఎత్తు అది. తికమకలో ఉన్న జీవి అప్పట్లో సగం సార్లు తననే కొట్టుకునేది. 2013లో ఎక్స్, వై ఆటలతో క్లెఫ్కీ అనే జీవి వచ్చింది. అది తాళంచెవుల గుత్తి ఆకారం. ఇలాంటి ఎత్తులను అందరికంటే ముందుగా వేసే గుణం దానికుంది. స్వాగర్‌తో అవతలి జీవి బలం పెంచుతుంది, ఫౌల్ ప్లే అనే దెబ్బతో ఆ పెరిగిన బలాన్నే వాడుకుని కొడుతుంది. నాణెం బొమ్మ పడుతుందా బొరుసు పడుతుందా అన్నదే ఆటంతా. 2014లో స్మోగన్ స్వాగర్‌ను తీసేసింది. రెండేళ్లకు సన్, మూన్ ఆటల్లో తయారీదారులూ దారికి వచ్చారు. తికమకలో తననే కొట్టుకునే అవకాశాన్ని సగం నుంచి మూడో వంతుకు తగ్గించారు, స్వాగర్ గురినీ తగ్గించారు.

డార్క్రై అనే జీవి వేసే డార్క్ వాయిడ్‌కూ అప్పుడే కత్తెర పడింది. జంటగా ఆడే పోటీలో ఎదురుగా ఉన్న రెండింటినీ ఒకేసారి నిద్రపుచ్చే ఎత్తు అది. ఎవరి ఎత్తునైనా చూసి నేర్చుకునే స్మియర్గిల్ దాన్ని పట్టుకుంది. 80గా ఉన్న గురి 50కి దిగింది, డార్క్రై తప్ప ఇంకెవరు వేసినా పనిచేయకుండా చేశారు. స్కై డ్రాప్ కథ వేరు. 2010 నాటి బ్లాక్, వైట్ ఆటల్లో ప్రోగ్రాం లోపం వల్ల, ఆకాశానికెత్తిన జీవి గ్రావిటీ అనే ఎత్తు పడితే కదలలేక చిక్కుకుపోయేది. దాన్ని అధికారిక పోటీల్లోనే ఆపేశారు, ఎవరూ వాదించలేదు.

వాదన పెట్టుకోవాల్సిన చోట ఎవరు తేల్చాలి? స్మోగన్ వాళ్లు కనిపెట్టిన వాటిలో నాకు అన్నిటికంటే గొప్పగా తోచేది ఇదే. అనుమానం వచ్చిన ఎత్తును, జీవిని కొన్నాళ్లు పరీక్షకు పెడతారు. ఆ రోజుల్లో ఆడి, గెలిచి, ఒక స్థాయికి చేరినవాడికే ఓటు. ఇప్పటి పద్ధతిలో నిషేధానికి 60 శాతం కావాలి. డబ్బుతోనో పేరుతోనో ఆ ఓటు రాదు, ఏ ఊరివాడన్నదీ ఎవరూ అడగరు. ఈ పోటీలు జరిగే పోకెమాన్ షోడౌన్ బ్రౌజర్‌లో ఉచితంగా నడుస్తుంది, వేలు పోసి యంత్రం కొననక్కర్లేదు. హిందూపురంలో బండెక్కినవాడు పెనుకొండ దాటి ధర్మవరంలో దిగేలోపు రెండు మూడు పోటీలు ముగించవచ్చు. కాలేజీకి పోయే పిల్లలు ఇద్దరు ఎదురెదురుగా కూర్చుంటే "నిద్రపుచ్చేది వద్దని ముందే చెప్పినా కదప్పా" అనే తగువు రావడం సహజం. ముందే చెప్పడం, ఇద్దరూ ఒప్పుకోవడం ఆ నియమాలకు ప్రాణం. ఓడాక వద్దనడానికి మాత్రం ఎవరికీ హక్కు లేదు.

ప్రపంచ చాంపియన్‌షిప్ నియమాలు ఇలా లేవు. అక్కడ నిద్రా, ఒక్క దెబ్బ ఎత్తులూ వాడుకోవచ్చు. అది అన్యాయమని నేను అనను. అక్కడి ఆట జంటలది, ఆరింటిలో నాలుగింటితో ఆడతారు. ఒకటి నిద్రపోయినా పక్కనున్నది దెబ్బ వేయగలదు, ఆటగాడికి చేయడానికి ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. ఎత్తు ఒక్కటే అయినా అది పడే బరి మారితే న్యాయం మారుతుంది.

స్మోగన్‌కు మాత్రం, ఒకటి నిద్రలో ఉండగా రెండోదాన్ని నిద్రపుచ్చకూడదన్న తన నియమంతోనే ఒక ముల్లు మిగిలింది. రెండోదాన్ని నిద్రపుచ్చబోతే అడ్డుకునే స్టేడియం లాంటి ఏర్పాటు ప్రధాన ఆటల్లో లేదు. షోడౌన్‌లో దాన్ని విడిగా కలిపారు. అంటే అందరూ ఏళ్ల తరబడి ఆడింది కొంచెం మార్చిన ఆట. స్కార్లెట్, వయొలెట్ ఆటల కాలంలో హిప్నోసిస్ వేసే డార్క్రై లాంటివి చేరాక, ఒక్కదాన్ని నిద్రపుచ్చడం కూడా పాచిక వేయడమే అయిందని ఆటగాళ్లు విసిగారు. 2024లో పాత షరతును పక్కనపెట్టి, ప్రధాన విభాగంలో నిద్రపుచ్చే ఎత్తులన్నిటినీ నిషేధించారు. ఈ కొత్త నియమానికి ఆటను మార్చనక్కర్లేదు, అసలు యంత్రం మీద ఇద్దరు స్నేహితులు మాట అనుకుని కూడా పాటించవచ్చు.