వరుసలో ఎందరున్నారు?

టిక్కెట్ల కిటికీ ముందు నిలిచిన మనకు మొదట తోచు ప్రశ్న ఒక్కటే: మనకన్న ముందు ఎందరున్నారు? కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువారికిని ఈ ప్రశ్న నిత్యము ఎదురగుచుండును. ముందు వచ్చినది ముందు వెడలునట్లు పనులను నిలిపియుంచు అమరికకు వారును క్యూ అనియే పేరిడిరి. దానిలోని అంశములను లెక్కించుట స్వల్పకార్యముగా తోచును. దాని చరిత్ర మాత్రము స్వల్పము కాదు.

ఆ చరిత్రకు పునాది డెన్మార్కులో పడినది. అగ్నర్ ఎర్లాంగ్ అను గణితవేత్త 1908లో కోపెన్‌హాగెన్ టెలిఫోను కంపెనీలో చేరెను. తీగలు చాలనిచో జనులు వేచియుండవలెను. మిక్కుటమైనచో ధనము వ్యర్థము. ఈ చిక్కును సంభావ్యతా గణితముతో విడదీయ బూని, ఆయన 1909లో ఒక వ్యాసమును, 1917లో నిరీక్షణకాలమును గణించు సూత్రములను ప్రకటించెను.

1961లో అమెరికా పండితుడు జాన్ లిటిల్ మరియొక సూత్రమునకు నిరూపణ చూపెను. నిమిషమునకు సగటున 2 చొప్పున వచ్చుచు, ఒక్కొక్కరు సగటున 10 నిమిషములు నిలిచినచో, వరుసలో సగటున 20 మంది యుందురు. సంఖ్యకును కాలమునకును గల బంధుత్వమిది.

ఇక ప్రోగ్రాములలో లెక్కించు మార్గములు రెండు. మొదటినుండి తుదివరకు నడచి ఎంచుట ఒకటి. వేయి అంశములకు వేయి అడుగులు. వాకిట పద్దు వ్రాసికొనుట రెండవది. వచ్చినపుడు ఒకటి కూడి, వెడలినపుడు ఒకటి తీసివేసినచో, ఎపుడడిగినను ఒక్క చూపుతో సమాధానము లభించును. గదులను వలయముగా అమర్చి, మొదలును తుదిని రెండు గుర్తులతో సూచించు పద్ధతియు కలదు. డొనాల్డ్ క్నూత్ 1968లో వెలువరించిన గ్రంథమున దీనిని వివరించెను. అచట ఒక మాయ కలదు: రెండు గుర్తులు కలిసికొన్నపుడు వరుస శూన్యమో, పూర్ణమో తెలియదు. అందుచే ఒక గదిని ఖాళీగా విడుచుటయో, ప్రత్యేకముగా పద్దు ఉంచుటయో ఆచారమైనది.

ఈ లెక్కను ఉపేక్షించినచో ఏమగునో 1986 అక్టోబరులో తేలినది. కంప్యూటర్ల నడుమ సాగు సమాచారము ప్యాకెట్లుగా విడివడి, దారిలోని కూడలి యంత్రములలో వరుసగా నిలుచును. కాలిఫోర్నియాలో కేవలము 400 గజముల దూరమున నున్న రెండు సంస్థల మధ్య ఆ వరుసలు నిండి పొరలెను. జారిపోయిన ప్యాకెట్లను మరల మరల పంపుటచే రద్దీ ఇనుమడించెను. సెకనుకు 32,000 బిట్ల వేగము 40 బిట్లకు దిగజారెను. పంపువారే రద్దీని గుర్తించి తగ్గు ఉపాయమును వాన్ జేకబ్సన్ 1988లో ప్రకటించెను. ఆయనయు శాలీ ఫ్లాయిడును 1993లో, వరుస సగటు పొడవును గణించుచు, అది నిండకమునుపే కొన్ని ప్యాకెట్లను విడిచి హెచ్చరించు పద్ధతిని సూచించిరి.

అయినను సంఖ్య ఒక్కటియే చాలలేదు. వేగముగల దారిలో నూరు ప్యాకెట్లు క్షణకాలపు పని. మందమైన దారిలో అవియే పెనుభారము. కావున 2012లో కాథలీన్ నికోల్స్, జేకబ్సన్ కలిసి, ప్యాకెట్లను ఎంచుటకు మారుగా అవి వేచిన కాలమును కొలుచు పద్ధతిని ప్రతిపాదించిరి.

ఎందరున్నారని అడుగువాడు నిజమునకు తెలిసికొన గోరునది, తన వంతు ఎపుడు వచ్చుననియే గదా! శతాబ్దపు గణితము తుదకు ఆ ప్రశ్నకే చేరినది.