కర్బన సౌర ఘటాలకు అకర్బన పదార్థాల రక్షణ

కర్బన సౌర ఘటాలు తేలికగా ఉంటాయి, వంగుతాయి. వీటిని సిరా మాదిరిగా పలుచటి పొరపై పూసి తయారుచేయవచ్చు. అయినా ఇవి విస్తృత వాడకంలోకి రాకపోవడానికి ప్రధాన కారణం స్వల్ప ఆయుర్దాయం. ఎండ, వేడి, తేమ, ఆక్సిజన్ వీటిని త్వరగా క్షీణింపజేస్తాయి. ఈ లోపాన్ని సరిదిద్దేందుకు పరిశోధకులు లోహ ఆక్సైడ్ల వంటి అకర్బన పదార్థాలను వినియోగిస్తున్నారు.

ఎందుకు అవసరం?

ఝార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో, టాటానగర్ రైల్వే స్టేషన్‌కు సమీపంలోని బాగ్‌బేరా వంటి ప్రాంతాల్లో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంటాయి. ఆ వెంటనే వర్షాకాలపు తేమ మొదలవుతుంది. గాజుతో కూడిన సిలికాన్ ఫలకం చదరపు మీటరుకు సుమారు 10 నుంచి 12 కిలోల బరువుంటుంది. బలహీనమైన రేకుల కప్పులు ఆ బరువును మోయలేవు. అటువంటి చోట తేలికైన కర్బన ఘటాలు ఉపయోగపడగలవు. అయితే అక్కడి వాతావరణమే వాటికి కఠిన పరీక్ష. సిలికాన్ ఫలకాలకు సాధారణంగా 25 ఏళ్ల పనితీరు హామీ లభిస్తోంది.

నేపథ్యం

ఈస్ట్‌మన్ కొడాక్ శాస్త్రవేత్త చింగ్ టాంగ్ 1986లో సుమారు 1 శాతం సామర్థ్యం గల రెండు పొరల కర్బన ఘటాన్ని వెల్లడించారు. 2019లో చైనా పరిశోధకులు వై6 అనే అణువుతో 15.7 శాతం సాధించారు. ఆ తరువాత ప్రయోగశాల సామర్థ్యం 19 శాతం దాటింది. సామర్థ్యం పెరిగినంత వేగంగా మన్నిక పెరగలేదు.

క్షీణత ఎలా?

తొలి నమూనాల్లో ధనావేశాన్ని సేకరించేందుకు పెడాట్-పీఎస్ఎస్ అనే పాలిమర్ పొరను వాడారు. ఆమ్ల స్వభావం గల ఈ పొర తేమను పీల్చుకుని, కింది ఇండియం టిన్ ఆక్సైడ్ పారదర్శక ఎలక్ట్రోడ్‌ను తినివేస్తుంది. పైనున్న అల్యూమినియం ఎలక్ట్రోడ్ గాలి తగిలి ఆక్సీకరణ చెందుతుంది.

అకర్బన పొరల పాత్ర

దీనికి పరిష్కారంగా ఘటం అమరికను తలకిందులు చేశారు. పారదర్శక ఎలక్ట్రోడ్‌పై జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం ఆక్సైడ్ పొర ఎలక్ట్రాన్లను సేకరిస్తుంది. పైభాగంలో మాలిబ్డినం ఆక్సైడ్, దానిపై అల్యూమినియం కంటే నిలకడైన వెండి ఉంటాయి. దీంతో ఆమ్ల పొర అవసరం తప్పింది. ఘటం మొత్తంపై అల్యూమినియం ఆక్సైడ్‌ను అణు పొరలుగా పేరిస్తే, వంగే గుణాన్ని పెద్దగా కోల్పోకుండానే తేమను అడ్డుకోవచ్చు.

కొత్త చిక్కు

అతినీలలోహిత కిరణాలు సోకినప్పుడు జింక్ ఆక్సైడ్ ఉత్ప్రేరకంగా మారి, వై6 తరహా అణువులను విచ్ఛిన్నం చేస్తుంది. అంటే రక్షణకు ఉద్దేశించిన పొరే హానికారకం అవుతోంది. దీనికి మూడు మార్గాలను అనుసరిస్తున్నారు: జింక్ ఆక్సైడ్ స్థానంలో టిన్ ఆక్సైడ్‌ను వాడటం, దాని ఉపరితలంపై మరో పలుచటి పొర వేయడం, అతినీలలోహిత కిరణాలను వడకట్టడం.

గీటురాయి

సామర్థ్యం తొలి విలువలో 80 శాతానికి తగ్గేందుకు పట్టే కాలాన్ని ఆయుర్దాయానికి కొలమానంగా తీసుకుంటారు. సిలికాన్ ఫలకాలు 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటల పరీక్షను తట్టుకోవాలి. వాతావరణ తీవ్రతలు అధికంగా ఉండే ప్రాంతాల్లో కర్బన ఘటాలు ఇంటి కప్పుపైకి చేరాలంటే, అవి కూడా ఈ తరహా పరీక్షల్లో నెగ్గవలసి ఉంటుంది.