రెండు బొమ్మలు ఒకటయ్యే చోటు
(రేంజ్‌ఫైండర్ కెమెరా – దాని మీటల చరిత్ర)

ఈ రోజుల్లో ఇంట్లోకి ఏ కొత్త వస్తువు వచ్చినా, సూచనల పుస్తకం మనం తెరిచేలోగానే పిల్లలు దాన్ని అందుకుని "మీకెందుకు తాతయ్యా, నేను చూస్తాను కదా" అంటారు. ఆ మాటలో ప్రేమ తప్ప మరొకటి లేదు. కాని అలా ఒక్కొక్క వస్తువూ మన చేతుల్లోంచి జారిపోతే చివరికి మన చేతులకు పని ఉండదు. మీటలు చూసి జంకేవారికి నేను చెప్పే ఉపాయం ఒక్కటే. ఆ వస్తువు చరిత్ర తెలుసుకోండి. ప్రతి మీట వెనుకా మనకు ఎప్పటినుంచో తెలిసిన పని ఒకటి ఉంటుంది. డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరా ఇందుకు మంచి ఉదాహరణ.

రేంజ్‌ఫైండర్ అంటే దూరాన్ని కనిపెట్టే సాధనం. సర్వే, రెవెన్యూ శాఖలలో పనిచేసిన మిత్రులకు దీని సూత్రం కొత్తది కాదు. ఒక ఆధార రేఖను కొలిచి, దాని రెండు కొసల నుంచి దూరపు గుర్తును చూసి, కోణాలను బట్టి దూరం లెక్కకట్టడమే. 1802లో మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర లాంబ్టన్ దొర సుమారు 7.5 మైళ్ల ఆధార రేఖను గొలుసుతో కొలిపించి దక్షిణాపథపు సర్వేకు శ్రీకారం చుట్టాడు. 1818లో జార్జ్ ఎవరెస్టు ఆయన దగ్గర సహాయకుడిగా చేరింది మన హైదరాబాదులోనే. అక్కడ మైళ్ల లెక్కలో ఉన్న ఆధార రేఖ, లైకా కెమెరాలో రెండు చిన్న కిటికీల మధ్య సుమారు 7 సెంటీమీటర్లు మాత్రమే. సూత్రం మాత్రం అదే.

ఈ సాధనం కెమెరాలోకి రాకముందు యుద్ధ నౌకల్లో ఫిరంగుల గురి చూడటానికి ఉపయోగపడింది. లెన్సుతో అనుసంధానించిన రేంజ్‌ఫైండర్ ఉన్న మొదటి కెమెరాను కొడాక్ కంపెనీ 1916లో తెచ్చింది. అయితే ఈ పద్ధతికి ప్రపంచ ప్రఖ్యాతి తెచ్చినది జర్మనీలోని వెట్‌స్లార్ పట్టణం. అక్కడి లైట్స్ కంపెనీలో పనిచేసే ఆస్కార్ బార్నాక్ ఉబ్బసం మనిషి. బరువైన ప్లేటు కెమెరా మోయలేక, సినిమా ఫిలింతో పనిచేసే చిన్న కెమెరాను రూపొందించాడు. అది 1925లో లైకా పేరుతో బజారుకు వచ్చింది. దూరాన్ని అంచనా వేసుకోవాలి, లేదా పైన వేరే దూరమాపకం తగిలించి, అందులో కనబడిన అంకెను లెన్సు మీదికి ఎక్కించుకోవాలి. ఒక రిజిస్టరులోని అంకెను మరో రిజిస్టరులోకి ఎత్తి రాసినట్లన్నమాట. 1932లో వచ్చిన లైకా 2 ఆ ఎత్తిరాత బాధను తప్పించింది. లెన్సు తిప్పుతుంటే దూరమాపకం దానంతటదే కదిలేది. కాని ఫోకస్ చూసే కిటికీ ఒకటి, దృశ్యం చూసే కిటికీ మరొకటి. జైస్ ఐకాన్ వారు 1936లో కాంటాక్స్ 2లో ఆ రెండింటినీ కలిపారు. లైకాలో 1954 నాటి ఎం3తో ఆ సౌకర్యం వచ్చింది.

కిటికీలోంచి చూస్తే మధ్యలో చిన్న వెలుగు చతురం కనబడుతుంది. అందులో మనిషి ముక్కు రెండుగా ఉంటుంది. లెన్సు రింగును తిప్పుతూ పోతే ఆ రెండు ముక్కులూ దగ్గరై ఒక్కటవుతాయి. ఒక్కటైన చోటే ఫోకస్. లెన్సు వెనుక అంచును తాకి ఉన్న చిన్న చక్రం లోపలి అద్దాన్నో పట్టకాన్నో కదిలిస్తుంది, అంతే. కరెంటు లేదు, బ్యాటరీ లేదు. 1948 జనవరి 30న గాంధీజీని ఆయన మరణానికి కొద్ది గంటల ముందు కలిసిన ఫ్రెంచి ఫొటోగ్రాఫరు కార్తియే బ్రెసోన్ పనిముట్టు లైకాయే. 1959లో నికాన్ ఎఫ్ వచ్చాక లెన్సులోంచే నేరుగా చూసే కెమెరాలు రాజ్యమేలాయి. అయినా ఈ జాతి అంతరించలేదు. 1966లో వచ్చిన యాషికా ఎలక్ట్రో 35 కూడా ఈ కోవలోదే. మా ఆఫీసులో ఒక మిత్రుడి దగ్గర అది ఉండేది. పదవీ విరమణ సభలన్నిటికీ ఆయనే ఫొటోగ్రాఫరు.

ఇక డిజిటల్ కాలానికి వద్దాం. మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండర్ 2004లో జపాను ఎప్సన్ కంపెనీ తెచ్చిన ఆర్‌-డి1. అందులో ఫిలిం లేకపోయినా ప్రతి ఫొటోకు ముందు పాత కెమెరా లాగే లీవరు లాగాలి. పైన గడియారం వంటి ముఖంలో ముల్లులు తిరుగుతూ ఎన్ని ఫొటోలు మిగిలాయో, బ్యాటరీ ఎంత ఉందో చూపిస్తాయి. వెనుక తెర వద్దనుకుంటే లోపలివైపు తిప్పి మూసేయవచ్చు. పాతవారు బెదరకూడదన్న మర్యాద ఆ కెమెరాలో కనబడుతుంది.

లైకా వారు 2006లో ఎం8, 2009లో ఎం9 తెచ్చారు. ఫిలిం చట్రమంత, అంటే 24×36 మిల్లీమీటర్ల సెన్సారు ఎం9తోనే వచ్చింది. దాని వెనుక తెరకు ఎడమవైపు వరుసగా ఐదు మీటలు. తరువాతి ఎం 240లో ఆరయ్యాయి. 2017 నాటి ఎం10లో మూడుకు తగ్గాయి. మధ్యలో 2016లో వెనుక తెరే లేని ఎం-డి కూడా వచ్చింది. మీటలు పెరుగుతాయి, తరుగుతాయి. లెన్సు తిప్పి రెండు బొమ్మలను ఒకటి చేసే పని మాత్రం అలాగే నిలిచింది. 1954 నాటి లెన్సులు చాలావరకు ఈ డిజిటల్ కెమెరాలకు నేరుగా పట్టడం ఇందుకు నిదర్శనం.

వీటి ధర పెన్షనరు తలకెత్తుకునేది కాదని వేరే చెప్పనక్కరలేదు. మా అల్లుడు ఎప్పుడో కొన్న ఎం9ని కొన్ని నెలలు నా దగ్గర ఉంచాడు. నేను దాన్ని నేర్చుకున్న వరుస ఇది. మొదటి వారం తెర వైపు చూడలేదు. కుర్చీలో కూర్చుని కిటికీ ఊచ, గుమ్మం అంచు, తులసికోట మూల, ఇలా నిలువు గీత ఉన్న ప్రతిదాని మీదా రెండు బొమ్మలు కలిపాను. నిలువు గీతల మీద ఈ కలయిక స్పష్టంగా తెలుస్తుంది. అడ్డగీతలే ఉన్నచోట కెమెరాను నిలువుగా తిప్పి చూడాలి. రింగు చివరిదాకా తిప్పితే అనంత దూరం. అక్కడ చందమామ ఒక్కటిగా కనబడితే దూరమాపకం సరిగా ఉన్నట్లే. దగ్గర హద్దు 0.7 మీటరు.

రెండో వారం మీటలు. షట్టరు బటన్ చుట్టూ ఉన్నది స్విచ్చి. దాని పక్కనున్న చక్రం షట్టరు వేగానిది. దాని మీద "ఎ" అనే అక్షరం దగ్గర ఉంచితే వేగాన్ని కెమెరాయే నిర్ణయిస్తుంది. "ఐ.ఎస్.ఒ." మీట, మనం దుకాణంలో 100 రీలా, 400 రీలా అని అడిగిన ప్రశ్నే. "ప్లే" మీట, స్టూడియోకు వెళ్లి ప్రింట్లు తెచ్చుకోవడం. "వైట్ బ్యాలెన్స్", ఎండలో తీసే ఫిలిం వేరు, బల్బు వెలుగులో తీసే ఫిలిం వేరు అన్న పాత సంగతే. "డిలీట్" ఒక్కటే కొత్తది. దాని జోలికి మొదటి నెల వెళ్లకపోవడం మంచిది.

మన వయసువారికి ముఖ్యమైన సంగతి కళ్లు. ఈ కిటికీలో దగ్గరిదీ దూరపుదీ అంతా ఒకే స్పష్టతతో కనబడుతుంది. మసకను పసిగట్టవలసిన పని లేదు. రెండు గీతలు కలిశాయా లేదా అన్నదే చూడాలి. శుక్లాల ఆపరేషన్ అయిన నా కంటికి అది తేలికైంది. దూరపు చూపు కళ్లద్దాలతోనే చూడవచ్చు. చూపుకు తగిన అద్దాన్ని కిటికీకే బిగించుకునే వీలు కూడా ఉంది. శుక్లాలు బాగా ముదిరినవారికి మాత్రం ఆ చతురం మసకబారుతుంది. వారు కెమెరాను కాక కంటి డాక్టరును ముందు చూడాలి.

ఇటువంటి కెమెరా లేనివారు చింతించనక్కరలేదు. చేతితో ఫోకస్ చేసే వీలున్న అనేక డిజిటల్ కెమెరాలలో స్పష్టమైన అంచులకు రంగు గీత గీసి చూపే ఏర్పాటు ఉంది. ఒక భాగాన్ని పెద్దది చేసి చూపే మీట కూడా ఉంటుంది. సాధనం మారినా తీర్పు మన కంటిదే.

మన సంఘం డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం నాడు ఏటా ఒక గ్రూపు ఫొటో దిగుతుంది. వరుసలో కొన్ని ముఖాలు ఏటా తగ్గుతున్నాయన్నది మనందరికీ తెలుసు. ఆ ఫొటో మనలో ఒకరే తీస్తే బాగుంటుందని నా కోరిక. ఫోకస్ ఏ ముఖం మీద పెట్టాలో, ఎవరిని ముందు వరుసలో కూర్చోబెట్టాలో మనకు తెలిసినంతగా వేరెవరికి తెలుస్తుంది? ఆసక్తి ఉన్న సభ్యులు ఆ రోజు ఒక గంట ముందుగా వస్తే, నాకు తెలిసిన నాలుగు మీటలూ చూపిస్తాను.